మధ్యాహ్నం మూడు గంటల లోపు: స్థానిక ఎన్నికల్లో పార్టీలు ఎక్కడ నిలబడతాయి, ఎక్కడ తప్పుకుంటాయి

ఎంపీటీసీ ఎన్నికలంటే ఏమిటో తెలియాలంటే పోలింగ్ రోజున కాదు, నామినేషన్ల ఉపసంహరణకు చివరి రోజున ఎంపీడీవో కార్యాలయం దగ్గరికి వెళ్లాలి. ఒకే పార్టీ కండువా వేసుకున్న ముగ్గురు నలుగురు ఒకే స్థానానికి నామినేషన్ వేసి, ఆవరణలో చెట్ల కింద వేరువేరు గుంపులుగా నిలబడి ఉంటారు. అందరి చెవులకూ ఫోన్లే. పార్టీ అధికారిక అభ్యర్థి ఎవరో తేల్చే బీఫారం ఎవరికొస్తుందో పన్నెండు గంటలకు తెలియదు, రెండు గంటలకూ తెలియదు. మూడు లోపు నియోజకవర్గ నాయకుడి మనిషి కారులో వస్తాడు, కాగితం ఒకరి చేతిలో పెడతాడు. మిగతావాళ్లలో ఒకరు కళ్లు తుడుచుకుంటూ ఉపసంహరణ పత్రం మీద సంతకం చేస్తారు, ఇంకొకరు స్వతంత్రంగా బరిలో ఉండిపోతారు. ఒక్కోసారి ఆ కారు అసలు రాదు. ఆ పార్టీకి అక్కడ అభ్యర్థి లేనట్టే.

ఈ తతంగానికి వీలు కల్పించింది నిబంధనే. శాసనసభ ఎన్నికల్లో ఏ, బీ ఫారాలను నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఇచ్చేయాలి. మన రెండు రాష్ట్రాల స్థానిక ఎన్నికల్లో ఉపసంహరణ చివరి రోజు మూడు గంటల దాకా గడువుంది. 2020లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఎన్నికల్లోనూ అంతే. ఈ కొద్ది రోజుల తేడాలోనే పార్టీలు అందరి చేతా నామినేషన్లు వేయించి, ఎదుటివాళ్లు ఎవరిని దింపారో చూసుకుని, బేరాలు, బుజ్జగింపులు ముగించుకుని, చివరి గంటలో తేల్చుకుంటాయి. ఏ వార్డులో నిలబడాలి, ఏది మిత్రుడికి వదలాలి, ఎక్కడ మౌనంగా తప్పుకోవాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడే. ఓటరు ముందున్న దారుల్లో సగం ఆ మూడు గంటలకే మూసుకుపోతాయి. దీని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. గెలిచినవాళ్ల లెక్కలు పత్రికల నిండా ఉంటాయి, ఎవరెక్కడ నిలబడనే లేదన్న లెక్క ఏ మూలా కనిపించదు.

అసలు ఊరి ఎన్నికల్లో పార్టీలు ఉండాలా వద్దా అన్న చర్చ పాతదే. బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసుల తర్వాత 1959 అక్టోబరులో రాజస్థాన్‌లోని నాగౌర్‌లోనూ, ఆ వెంటనే మన షాద్‌నగర్‌లోనూ నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించినప్పుడు, ఊరు కలిసికట్టుగా నిర్ణయించుకుంటుందని, పార్టీలు వస్తే చీలుతుందని నమ్మినవాళ్లు ఎక్కువ. ఇరవై ఏళ్లు తిరగకుండానే, 1978లో అశోక్ మెహతా కమిటీ దానికి ఎదురు మాట చెప్పింది: పార్టీలు చాటుగా ఎలాగూ ఉన్నాయి, బహిరంగంగానే రానిస్తే జవాబుదారీ అయినా ఉంటుందని. పశ్చిమ బెంగాల్ ఆ ఏడాదే పార్టీ గుర్తులతో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. కేరళలోనూ గ్రామ పంచాయతీ వార్డు దాకా పార్టీ గుర్తులే. మనం మధ్యేమార్గం పట్టాం. ఎన్టీఆర్ మండలాలు ఏర్పాటు చేశాక 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టంతో అది పరోక్ష ఎన్నికగా మారింది. ఎంపీటీసీ, జడ్పీటీసీ, పురపాలక వార్డులకు పార్టీ గుర్తులు, సర్పంచికి, పంచాయతీ వార్డు సభ్యుడికి మాత్రం ఉంగరం, కత్తెర వంటి స్వేచ్ఛా గుర్తులు.

పంచాయతీల్లో పార్టీలు లేవన్న మాట కాగితం మీదిదేనని అందరికీ తెలుసు. అయితే గుర్తు లేకపోవడం పార్టీ లెక్కను మార్చేస్తుంది. బీఫారం లేదు కాబట్టి ‘మా అభ్యర్థి ఈయనే’ అని ఖరారు చేసే అధికారం ఎవరికీ లేదు. ఒక ఊళ్లో అధికార పార్టీ మద్దతుదారులే రెండు వర్గాలుగా పోటీ పడతారు, ఎవరు గెలిచినా మర్నాడు ఎమ్మెల్యే ఇంటికెళ్లి కండువా కప్పించుకుంటారు. సాయంత్రానికి పార్టీ ప్రకటించే గెలుపు లెక్కలో ఇద్దరూ ‘మావాళ్లే’. అందుకే పంచాయతీల్లో పార్టీలు పోటీ చేసే చోటును ఎంచుకోవు, గెలిచేవాడిని ఎంచుకుంటాయి, చాలాసార్లు గెలిచాక ఎంచుకుంటాయి. పైకి పార్టీలా కనిపించడమూ కుదరదు. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం పంచాయతీ ఎన్నికలకు మేనిఫెస్టో విడుదల చేస్తే, పార్టీరహిత ఎన్నికల్లో అది చెల్లదని రాష్ట్ర ఎన్నికల సంఘం ఉపసంహరించుకోమంది.

థాడ్ డనింగ్, జాన్హవి నీలేకని 2013లో కర్ణాటక, రాజస్థాన్, బిహార్ గ్రామ పంచాయతీలపై ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే: గుర్తుల్లేని ఊళ్లలోనూ పార్టీ బంధాలు బలంగా ఉన్నాయి, పనులు, లబ్ధి ఎవరికి చేరాలో తేల్చడంలో అవి కులాన్ని కూడా దాటుకుని పనిచేస్తున్నాయి. ఇళ్ల పట్టా కోసం, పింఛను కోసం తిరిగిన ఏ పల్లె మనిషిని అడిగినా ఇందులో కొత్తేముంది అంటాడు. కానీ మన చట్టం ఇంకా దాన్ని ఒప్పుకోలేదు.

గుర్తులున్న ఎన్నికలకు వస్తే, పార్టీ ముందు విప్పుకునే కాగితం రిజర్వేషన్ల జాబితా. ఎవరికి ఎంత బలముందన్నది దాని తర్వాతే. ఆశావహుడు అయిదేళ్లు పెళ్లిళ్లకూ చావులకూ తిరిగి, బోరు వేయించి, గుడికి చందా ఇచ్చి సిద్ధమవుతాడు. స్థానం బీసీ మహిళకో, ఎస్సీ జనరల్‌కో వెళ్లిందని గెజిట్ వచ్చిన రోజున లెక్కంతా తలకిందులు. పక్క ఎంపీటీసీ స్థానానికి మారాలా, భార్యను నిలబెట్టాలా, తనకు అనుకూలమైన మనిషిని ముందు పెట్టి వెనక నడపాలా అని ఆలోచిస్తాడు. ఈ అనిశ్చితిని తగ్గించాలని తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో రిజర్వేషన్లు వరుసగా రెండు దఫాలు ఉండేలా పెట్టారు. రిజర్వేషన్ల మొత్తం మాత్రం కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది. మొత్తం సగం దాటరాదన్న 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డురావడంతో 2020లో ఆంధ్రప్రదేశ్ బీసీల వాటాను 34 శాతం నుంచి తగ్గించాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో తెలంగాణ 42 శాతం ఇస్తూ జీవో తెచ్చింది, అక్టోబరులో హైకోర్టు ఆపింది, డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత పరిమితికి లోబడే జరిగాయి. జాబితా మారిన ప్రతిసారీ పార్టీలు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీ చేయరాదన్న నిబంధన కూడా దశాబ్దాల పాటు చాలామందిని బరిలోకి రానివ్వలేదు. ఆంధ్రప్రదేశ్ 2024లో, తెలంగాణ 2025లో దాన్ని తొలగించాయి.

మహిళా స్థానాల్లో ‘భర్తే సర్పంచి’ అన్న ఎత్తిపొడుపు వింటూనే ఉంటాం. నాకు ఆ మాట ఎప్పుడూ సగం నిజంగానే తోస్తుంది. ముంబై నగర పాలక సంస్థ ఎన్నికలపై రిఖిల్ భావ్నానీ 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకసారి మహిళలకు కేటాయించిన వార్డులో తర్వాతి ఎన్నికకు రిజర్వేషన్ ఎత్తేసినా, మహిళ గెలిచే అవకాశం మిగతా వార్డులతో పోలిస్తే దాదాపు అయిదు రెట్లుంది. వార్డు నడిపిన మహిళలు మళ్లీ నిలబడ్డారు, మహిళను నిలబెడితే గెలుస్తుందని పార్టీలకూ అర్థమైంది. చట్టం బలవంతం చేస్తే తప్ప పార్టీలు నేర్చుకోని పాఠం అది. మన దగ్గర ఇప్పటికీ జనరల్ స్థానంలో మహిళకు బీఫారం దొరకడం అరుదు. స్థానం జనరల్ అయితే అది మగవాళ్లదేనన్నట్టు పార్టీ కార్యాలయాల్లో మాట్లాడుకోవడం వింటే కడుపు మండుతుంది.

మన ఎన్నికల్లో ఎక్కువగా లెక్కలు నడిచేది పరోక్ష ఎన్నిక చుట్టూ. జడ్పీటీసీలు కలిసి జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ని, ఎంపీటీసీలు మండలాధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. అధ్యక్ష పదవికి వేరే రిజర్వేషన్ ఉంటుంది. జిల్లా పరిషత్ ఎస్సీ మహిళకు వస్తే, జిల్లా పార్టీ మొదటి పని ఒక ఎస్సీ మహిళను తప్పక గెలిచే మండలంలో నిలబెట్టడం. అక్కడ అంతవరకూ పనిచేసుకున్నవాళ్లు పక్కకు జరగాలి. 2020లో హైదరాబాద్ మేయర్ పదవి జనరల్ మహిళకు దక్కడంతో ప్రధాన పార్టీల్లో సందడంతా పట్టున్న డివిజన్లలోని మహిళా అభ్యర్థుల చుట్టూనే తిరిగింది. 2002లో హైదరాబాద్ మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు, అప్పుడు ఈ తర్జనభర్జన అక్కర్లేకపోయింది.

పరోక్ష ఎన్నికలో మరో అంకె కూడా కలుస్తుంది. పురపాలక సంఘాల్లో ఎమ్మెల్యే, ఎంపీ వంటివారికి ఎక్స్ అఫీషియో ఓటుంది. 2021 మార్చిలో కడప జిల్లా మైదుకూరులో 24 వార్డులకు తెలుగుదేశం 12, వైఎస్సార్ కాంగ్రెస్ 11, జనసేన 1 గెలిచాయి. చైర్మన్ పదవి వైఎస్సార్ కాంగ్రెస్‌కే వెళ్లింది, ఎక్స్ అఫీషియో ఓట్ల వల్ల. అదే ఎన్నికల్లో తాడిపత్రిలో తెలుగుదేశం 18, వైఎస్సార్ కాంగ్రెస్ 16, సీపీఐ 1, స్వతంత్రుడు ఒకరు. అక్కడ ఒక్కో వార్డూ లెక్కకొచ్చింది, తెలుగుదేశం నాయకుడు జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. గెలవలేని వార్డులో అభ్యర్థిని పెట్టి ఖర్చెందుకని పార్టీలు అనుకునే చోట ఈ రెండు ఊళ్లను గుర్తు చేయాలి. ఎమ్మెల్యే చేతిలో ఉన్న పార్టీకి ఒకటి రెండు వార్డులు పోయినా ఓట్లు తోడవుతాయి. ప్రతిపక్షానికి ఆ తోడు లేదు, అందుకే అది ఎక్కువ చోట్ల నిలబడాలి.

ఎక్కువ చోట్ల నిలబడకుండానే లెక్క సరిచేసుకున్న పార్టీ కూడా ఉంది. మజ్లిస్ 2016లో హైదరాబాద్‌లోని 150 డివిజన్లలో 60 చోట్ల పోటీ చేసి 44 గెలిచింది. 2020లో 51 చోట్లే పోటీ చేసి మళ్లీ 44 గెలిచింది. తన ఓటు గుంపుగా ఉన్న డివిజన్లు ఏవో వీధి వీధిగా తెలిసి, బయట చెదురుమదురుగా ఓట్లు పోగేసుకునే ఆశ లేనప్పుడే ఇలాంటి పొదుపు సాధ్యం. దానికి పూర్తి ఎదురు దారి భారతీయ జనతా పార్టీది. 2016లో తెలుగుదేశంతో స్థానాలు పంచుకుని 4 గెలిచింది, 2020లో 149 డివిజన్లలో నిలబడి 48 గెలిచింది. దుబ్బాక ఉప ఎన్నిక గెలుపు ఊపు, వరదల కోపం, జాతీయ నాయకుల ప్రచారం అన్నీ కలిశాయి నిజమే. కానీ అభ్యర్థి లేని డివిజన్‌లో ఏ ఊపూ ఓటు కాలేదు. ఆ ఎన్నికలోనే మొదట పోటీకి సిద్ధమైన జనసేన, బీజేపీ నాయకులతో మాట్లాడాక తన అభ్యర్థులను వెనక్కి తీసుకుంది. నామినేషన్ కాగితాలు సిద్ధం చేసుకున్న కార్యకర్తల సంగతి ఆ ప్రకటనలో పెద్దగా లేదు.

పొత్తుల గురించి అంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు. రాష్ట్ర స్థాయి పొత్తు మండలానికొచ్చేసరికి ‘అవగాహన’ అవుతుంది, అక్కడి నుంచి ఊరికొచ్చేసరికి ‘స్నేహపూర్వక పోటీ’ అవుతుంది. వామపక్షాలు పాత ఉద్యమాల ఊళ్లలో, తమ సంఘాలున్న చోట నిలబడి మిగతా చోట్ల మద్దతు మాట్లాడుకుంటాయి. చిన్న పార్టీల్లో ఈ నిర్ణయం సాపేక్షంగా కింది నుంచి పైకి పోతుంది, ఎందుకంటే కార్యకర్త ఎక్కడున్నాడో అక్కడే పోటీ.

పెద్ద పార్టీల్లో మాత్రం నిర్ణయం కింది నుంచి రాదు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే: మన స్థానిక ఎన్నికల్లో ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఊరి అవసరాన్ని బట్టి గానీ పార్టీ బలాన్ని బట్టి గానీ తేలడం లేదు, శాసనసభ నియోజకవర్గంలో ఎమ్మెల్యే లేదా ఇన్‌చార్జి భవిష్యత్తును బట్టి తేలుతోంది. బీఫారాల కట్ట అతని చేతిలో ఉంటుంది. అతను అడిగే మొదటి ప్రశ్న ‘పెట్టుకోగలవా?’ అని. తెలంగాణలో జడ్పీటీసీ అభ్యర్థి ఖర్చు పరిమితి 4 లక్షలు, ఎంపీటీసీకి లక్షన్నర. ఆ అంకెల మధ్య ఎన్నిక జరగదని అడిగేవాడికీ తెలుసు, జవాబిచ్చేవాడికీ తెలుసు. పైకి అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇతను గెలిచి పెద్దవాడై రేపు నా టికెట్‌కే అడ్డం వస్తాడా? మండలమంతా పేరున్న మనిషిని పక్కనపెట్టి, తన మాట దాటని మనిషికి జడ్పీటీసీ ఇవ్వడం ఈ రెండో ప్రశ్నకు జవాబే. ఆ భయం ఉత్తది కాదు. రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ నుంచి స్వతంత్రుడిగా జడ్పీటీసీ గెలిచారు, మరుసటి ఏడాదే మండలికి వెళ్లారు, 2009లో కొడంగల్ ఎమ్మెల్యే, 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి. స్థానిక సంస్థల్లో గెలిచినవాళ్లే స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీలకు ఓటర్లు కూడా, కాబట్టి ప్రతి ఎంపీటీసీ ఇంకో ఎన్నికకు పెట్టుబడి. ఇన్ని లెక్కల్లో ఊళ్లో తాగునీరు, డ్రైనేజీ, బడి ప్రహరీ గురించి ఎవరికి తెలుసన్నది వెనకబడిపోతుంది. తిరుగుబాటు అభ్యర్థులు ఇంతమంది పుట్టేదీ అందుకే. వాళ్లను క్రమశిక్షణ లేనివాళ్లంటారు గానీ, చాలా చోట్ల ఊరు తన అభ్యర్థిని తనే ఎంచుకోవడానికి మిగిలిన దారి ఆ రెబల్ నామినేషనే.

అభ్యర్థిని పెట్టకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని గురించే నాకు ఎక్కువ బాధ. ఏకగ్రీవమంటే ఊరి ఐక్యత అని ప్రభుత్వాలే చెబుతాయి. 2021 పంచాయతీ ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని నిజంగా ఒప్పందానికొచ్చిన ఊళ్లు ఉన్నాయి, కాదనను. పదవిని వేలం పాడి గుడికి డబ్బు కట్టించుకున్న ఊళ్లూ ఉన్నాయి. నామినేషన్ కాగితం లాక్కున్నారని, కార్యాలయం గేటు దాకా రానివ్వలేదని ఫిర్యాదులొచ్చిన చోట్లూ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో 2018లో మూడంచెల పంచాయతీల్లో కలిపి 58,692 స్థానాల్లో 20,159 చోట్ల పోటీయే లేదు. సుప్రీంకోర్టు ఆ ఎన్నికలను రద్దు చేయడానికి నిరాకరించి, అభ్యంతరమున్నవాళ్లు ఎన్నికల పిటిషన్లు వేసుకోవచ్చంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో నామినేషన్లు పడి, కొవిడ్‌తో ఆగి, 2021 ఏప్రిల్‌లో పోలింగ్ జరిగిన పరిషత్ ఎన్నికల్లో 2,371 ఎంపీటీసీలు, 126 జడ్పీటీసీలు ఏకగ్రీవమయ్యాయి. పోటీ పెట్టలేదని ఒక పక్షం, పెట్టనివ్వలేదని ఇంకో పక్షం అంటాయి. ఆ స్థానాల్లో ఓటరు ఏమనుకున్నాడో చెప్పే చీటీ మాత్రం ఒక్కటీ లేదు.

అదే ఎన్నికలను పోలింగ్‌కు వారం ముందు తెలుగుదేశం బహిష్కరించింది. ఎన్నికలు న్యాయంగా జరగడం లేదన్నది దాని కారణం. పార్టీ సీనియర్ నాయకుడు జ్యోతుల నెహ్రూ ఆ నిర్ణయాన్ని బహిరంగంగానే వ్యతిరేకించారు. కింది కార్యకర్త బాధ ఆయన మాటల్లో వినిపించింది: ఏడాదిగా కేసులు, బెదిరింపులు తట్టుకుని బరిలో మిగిలినవాణ్ని చివరి వారంలో పార్టీయే వదిలేస్తే ఎలా? గడువు దాటిపోయింది కాబట్టి బ్యాలెట్ పత్రంపై పేర్లు, సైకిల్ గుర్తు అలాగే ఉన్నాయి. కోర్టు కేసుల తర్వాత సెప్టెంబరు 19న లెక్కిస్తే, పార్టీ పోటీలో లేనని చెప్పిన ఆ ఎన్నికలో సైకిల్ గుర్తుపై 826 మంది ఎంపీటీసీలు, 6గురు జడ్పీటీసీలు గెలిచారు. 515 జడ్పీటీసీల్లో 502 వైఎస్సార్ కాంగ్రెస్‌వే కాబట్టి పార్టీల లెక్కలో ఇది చిన్న అంకె. కానీ నాకు ఆ 826 ఊళ్లు ముఖ్యం. పైనుంచి వద్దన్నా, ప్రచారానికి పెద్ద నాయకుడెవరూ రాకపోయినా, అక్కడ ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగారు.

బీఫారం గడువును నామినేషన్ల చివరి రోజుకు జరిపితే కొంత మార్పు వస్తుందని నా నమ్మకం. చివరి గంట బేరాలకు చోటు తగ్గుతుంది, ఉపసంహరణకు ముందే ఊరికి తన ముందు ఎవరున్నారో తెలుస్తుంది. రెండోది, మండల కమిటీ పేర్లు పంపిన చోట ఆ పేర్లు కాదన్నప్పుడు కారణం రాసి చెప్పే నియమాన్ని పార్టీలు తమకు తాము పెట్టుకోవచ్చు. దానికి చట్టం అక్కర్లేదు. ఎమ్మెల్యేలు దీన్ని ఇష్టపడరు. కానీ ఎప్పుడూ అధికారంలో ఉంటామని ఎవరూ అనుకోలేరు. ఖాళీ బరి బాధ ఒక్కోసారి ఒక్కో పార్టీకి వస్తోంది.

పులివెందుల జడ్పీటీసీ 2021లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏకగ్రీవం. అక్కడే 2025 ఆగస్టు 12న జరిగిన ఉప ఎన్నికలో 11 మంది బరిలో నిలిచారు. అప్పటికి తెలుగుదేశం అధికారంలో ఉంది. తమ ఓటర్లను బూత్‌లకు రానివ్వలేదని ఈసారి ఫిర్యాదు చేసింది వైఎస్సార్ కాంగ్రెస్, రెండు బూత్‌లలో మర్నాడు మళ్లీ పెట్టిన పోలింగ్‌ను బహిష్కరించిందీ అదే. తెలుగుదేశం అభ్యర్థికి 6,700కు పైగా ఓట్లు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థికి 683.